మొబైల్ ఓటొమె గేములు: పాత్ర చిత్రణ, కథన రీతి

ఓటొమె గేములు ప్రధానంగా అమ్మాయిలను, మహిళలను దృష్టిలో పెట్టుకుని తయారయ్యే ప్రేమకథా వీడియో గేములు. ఆడేవారు నాయిక స్థానంలో ఉంటారు. ఆమె చుట్టూ నలుగురి నుంచి పదిమంది దాకా, ఒక్కోసారి అంతకు మించి, నాయకులు ఉంటారు. కథ చదువుతూ, మధ్యమధ్య ఎదురయ్యే సందర్భాల్లో ఏం చెప్పాలో ఏం చేయాలో ఎంచుకుంటూ వారిలో ఒకరికి దగ్గర కావడం ఆటలోని ప్రధాన వ్యాపకం. 1994లో జపాన్‌లో టీవీకి తగిలించి ఆడే కన్సోళ్ల మీద పుట్టిన ఈ ప్రక్రియ 2000 దశకంలో సెల్‌ఫోన్‌లోకి, 2010 తర్వాత స్మార్ట్‌ఫోన్‌లోకి వచ్చింది. ఆపైన దక్షిణ కొరియా, చైనాల్లో కొత్త రూపాలు సంతరించుకుంది.

ఫోన్‌లోకి రావడంతో మారింది తెర కొలత ఒక్కటే అయితే ఈ ప్రక్రియ గురించి విడిగా చెప్పుకోవాల్సింది పెద్దగా ఉండేది కాదు. కన్సోల్ గేముకు ముగింపు ఉండేది. ఫోన్ గేము రోజుకు కొంచెం చొప్పున, వారాలు, నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి నడుస్తుంది. ఏ రహస్యం ఎప్పుడు బయటపడాలి, ఏ పాత్ర ఎంత మారవచ్చు, ప్రేమ ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నలన్నింటినీ ఈ నిడివే శాసిస్తుంది. నిరీక్షణను, విరామాన్ని, రోజువారీ పలకరింపును పాత్రల స్వభావంలో భాగం చేయగలిగిన చోట మొబైల్ ఓటొమె మంచి సాహిత్యానికి దీటుగా నిలుస్తుంది. అది చేతకాని చోట పాత్రలు అందమైన బొమ్మల దగ్గరే ఆగిపోతాయి.

పుట్టుక

1990ల మొదట్లో జపాన్ వీడియో గేములు ఎక్కువగా అబ్బాయిల కోసమే తయారయ్యేవి. కోయి సంస్థ సహవ్యవస్థాపకురాలు ఎరికావా కీకో మహిళల కోసం మహిళలే గేములు రూపొందించాలని సంకల్పించి, రూబీ పార్టీ అనే బృందాన్ని ఏర్పాటు చేశారు. ఆ బృందం 1994 సెప్టెంబరులో సూపర్ ఫామికామ్ కన్సోల్ మీద విడుదల చేసిన ‘ఆంజెలీక్’ను తొలి ఓటొమె గేముగా పరిగణిస్తారు.

ఆంజెలీక్ లిమోజ్ ఒక మామూలు విద్యార్థిని. విశ్వానికి కొత్త రాణిని ఎంపిక చేసే పరీక్షలో రొజాలియా అనే గొప్పింటి అమ్మాయితో పోటీ పడుతుంది. తనకు అప్పగించిన భూఖండం వర్ధిల్లాలంటే తొమ్మిది మంది సంరక్షకుల దగ్గరికి వెళ్లి వారి శక్తులను అడగాలి. వెళ్లిన కొద్దీ పరిచయం పెరుగుతుంది. ఆ పరిచయం ప్రేమ దాకా వచ్చి, ఆ ప్రేమను ఆమె అంగీకరిస్తే, సింహాసనం వదులుకోవాలి. ప్రేమకు ఒక మూల్యం ఉండటం, ఆ మూల్యం ఆట నియమాల్లోనే ఇమిడి ఉండటం ఈ గేము వేసిన పునాది. నాయికకు సొంత పని, సొంత లక్ష్యం ఉండాలన్న సంప్రదాయం కూడా ఇక్కడే మొదలైంది.

ఆ తర్వాత కోయి నుంచే 2000లో ‘హరుకనరు తోకి నో నకదే’, 2003లో సంగీత పాఠశాల నేపథ్యంతో ‘కినిరో నో కొర్దా’ వచ్చాయి. 2002లో కొనామీ సంస్థ ‘తోకిమెకి మెమోరియల్ గర్ల్స్ సైడ్’ విడుదల చేసింది. హైస్కూలు మూడేళ్లలో చదువు, ఆటలు, అలంకరణ వంటి వాటిని పెంచుకుంటూ ప్రేమ దాకా చేరడం అందులోని పద్ధతి. 2008లో వచ్చిన ‘హకువొకి’ ప్రక్రియను మరో మలుపు తిప్పింది. 19వ శతాబ్దపు షిన్సెన్‌గుమి యోధుల పతనం ఆ కథకు నేపథ్యం. చదువరికి చరిత్ర ముందే తెలుసు, ఆ యోధులు ఓడిపోతారనీ తెలుసు. ప్రేమకథ మీద ఆ తెలివిడి వేసే నీడ ‘హకువొకి’కి బలం. గెలుపు కోసం ఆడే ఆటలో ఓటమిని కథావస్తువుగా పెట్టవచ్చని అది నిరూపించింది.

ఫోన్‌లోకి ప్రవేశం

1999 ఫిబ్రవరిలో ఎన్‌టీటీ డొకోమో సంస్థ ‘ఐ-మోడ్’ సేవ ప్రారంభించడంతో జపాన్‌లో సెల్‌ఫోన్ మీద చదవడం, కొనడం, ఆడటం అలవాటుగా మారింది. అదే ఏడాది టోక్యోలో మొదలైన వోల్టేజ్ సంస్థ తర్వాతి సంవత్సరాల్లో ఫోన్ ప్రేమకథలకు పెద్ద చిరునామా అయింది. రైలులో కూర్చుని ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్ వెళ్లేలోగా చదివేయగలిగే చిన్న అధ్యాయాలు, ఒక్కో నాయకుడి కథను విడిగా కొనుక్కునే పద్ధతి ఈ కథల ఆనవాళ్లు.

చదువరి మారడంతో నాయిక కూడా మారింది. వోల్టేజ్ కథల్లో నాయిక తరచూ ఉద్యోగం చేసుకునే యువతి. ఇంగ్లీషులో ‘కిస్డ్ బై ద బాడెస్ట్ బిడ్డర్’గా వచ్చిన కథలో ఆమె ఒక ఖరీదైన హోటల్లో పారిశుద్ధ్య పనిచేస్తుంటుంది. విలువైన శిల్పం ఒకటి పగలడంతో ఆ హోటల్లోనే సాగే రహస్య వేలంలో వస్తువైపోతుంది. ఆమెను కాపాడినవారిలో ఎవరి వెంట వెళ్లాలో ఆడేవారు ఎంచుకోవాలి. నాలుగైదు తెరల్లోనే కథ పీకలమీదికి వచ్చేస్తుంది. ఫోన్‌లో తీరిగ్గా వాతావరణం అల్లే వ్యవధి లేదు కాబట్టి పరిస్థితిని బలంగా పెట్టి, పాత్రలను అందులోకి తోసేయడం ఈ కథల మొదటి పాఠం.

సైబర్డ్ సంస్థ ‘ఇకెమెన్’ పేరుతో, ఎన్‌టీటీ సోల్మేర్ ‘షల్ వి డేట్?’ పేరుతో వరుసగా గేములు తెచ్చాయి. ఇవి ఉచితంగా దొరుకుతాయి, కానీ కథ ముందుకు సాగడానికి రోజుకు ఇన్నని టికెట్లు ఉంటాయి. అవి అయిపోతే మర్నాటి దాకా ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. మధ్యలో నాయికకు దుస్తులు, నగలు సమకూర్చితే తప్ప దాటలేని అడ్డంకులు కూడా ఉంటాయి. వారపత్రిక సీరియల్ కోసం ఎదురుచూసిన తరాలకు ఈ ఆగడం కొత్త కాదు. నవలా రచయిత్రి యద్దనపూడి సులోచనారాణి కాలపు పాఠకురాలు వారం ఆగేది, ఇక్కడ ఒక రోజు. అధ్యాయం ఎక్కడ తెగాలో తెలియడం ఈ రచయితలకు తప్పనిసరి విద్య.

కథా నిర్మాణం

మొబైల్ ఓటొమెల్లో అత్యధికం విజువల్ నావెల్ తరహావి. వెనక ఒక నేపథ్య దృశ్యం, ముందు మాట్లాడుతున్న పాత్ర బొమ్మ, కింద మాటలు. కీలక ఘట్టంలో తెరంతా నిండే ఒక ప్రత్యేక చిత్రం వస్తుంది. కథ సాధారణంగా మూడు అంచెలు. మొదటిది అందరికీ ఉమ్మడి భాగం. ఇందులో నాయకులంతా పరిచయమవుతారు. రెండోది ఎంచుకున్న నాయకుడితో సాగే కథాశాఖ, అంటే అతని రూటు. మూడోది ముగింపు. ఒక్కో రూటుకు మంచి ముగింపు, మామూలు ముగింపు, విషాదాంతం అంటూ ఒకటికి మించి ఉంటాయి. ‘ఇకెమెన్ సెన్‌గోకు’ వంటి వాటిలో నాయకుడితో పెంచుకున్న సాన్నిహిత్యాన్ని బట్టి ‘రొమాంటిక్’, ‘డ్రమాటిక్’ అనే రెండు ముగింపులు దొరుకుతాయి.

ఎంపికలకు వెనక పాయింట్లు ఉంటాయి. ఏ మాటకు ఎన్ని పాయింట్లన్నది ఆడేవారికి ముందు కనిపించదు. అందువల్ల ఎదుటి మనిషి స్వభావాన్ని అంచనా వేయడమే ఆటలోని నైపుణ్యం. పౌరుషం ఉన్నవాడికి జాలి మాట గుచ్చుకుంటుంది. ఎప్పుడూ నవ్వించేవాడికి నిజమైన ప్రశ్న ఇబ్బంది కలిగిస్తుంది. మంచి గేములో సరైన జవాబు ఎప్పుడూ తియ్యటి జవాబే అయి ఉండదు.

బహుళ రూట్ల పద్ధతి నవలకు, సినిమాకు అంత సులువుగా చిక్కని ఒక సౌలభ్యాన్ని ఇస్తుంది. ఒక రూటులో నాయకుడిగా ఉన్నవాడు మరో రూటులో స్నేహితుడు, యజమాని, ఒక్కోసారి శత్రువు. ఒకే మనిషిని నాలుగు దూరాల నుంచి చూడవచ్చు. ఈ సౌలభ్యాన్ని తెలిసి వాడుకునే రచయితలు కొన్ని రూట్లకు తాళం వేసి ఉంచుతారు. మిగతావన్నీ పూర్తి చేశాకే కథ మూలరహస్యం ఉన్న రూటు తెరుచుకుంటుంది. అప్పటిదాకా చదివిన ప్రతి కథ మీదా అది కొత్త వెలుగు ప్రసరిస్తుంది.

నాయకుల చిత్రణ

ఈ గేముల్లో నాయకులు కొన్ని స్థిరమైన అచ్చుల్లోంచి వస్తారు. పైకి కస్సుబుస్సుమంటూ లోపల మెత్తగా ఉండేవాడు, చల్లని అధికారి, చలాకీ చిన్నవాడు, చిన్ననాటి నేస్తం, మాటకారి సరసుడు. ఈ అచ్చు కవర్ బొమ్మ మీదే తెలిసిపోతుంది: జుట్టు రంగు, నిలబడే తీరు, గొంతు ముందే సూచిస్తాయి. అచ్చు ఉండటం లోపం కాదు. చదువరి ఎవరిని ఎంచుకోవాలో నిర్ణయించుకోవడానికి అదే తలుపు. ఆ తలుపు వెనక గది ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న.

సాధారణంగా ఆ గదిలో ఒక గాయం ఉంటుంది. 2015లో మొదలైన ‘ఇకెమెన్ సెన్‌గోకు’లో నేటి కాలపు ఫ్యాషన్ డిజైనర్ అయిన నాయిక 1582కు, క్యోటోలోని హొన్నోజి ఆలయానికి జారిపోయి, మంటల్లో చిక్కిన యుద్ధప్రభువు ఒదా నొబునగాను కాపాడుతుంది. తిరిగి తన కాలానికి వెళ్లే దారి మూడు నెలల తర్వాత తెరుచుకుంటుంది. ఆ గడువే కథకు బిగువు. ఇందులో తొకుగావా ఇయెయసు ముళ్లకంప లాంటి మాటలవాడు, ఎవరినీ దగ్గరికి రానివ్వడు. బాల్యంలో అతను ఇమగావా వంశం దగ్గర బందీగా పెరిగాడన్నది చరిత్ర. ఆ వాస్తవాన్ని గేము అతని మనస్సుకు మూలంగా తీసుకుంటుంది. బలహీనుడిగా బతికినవాడికి బలహీనత అంటే అసహ్యం. అందుకే కత్తి పట్టడం రాని నాయికను చూస్తే చిరాకు. అతని కటువుదనం వెనక కారణం తెలిశాక మొదటి అధ్యాయంలోని మాటలు కూడా వేరుగా వినిపిస్తాయి.

ఇక్కడే ఈ ప్రక్రియ ప్రత్యేకత తెలుస్తుంది. నవలలో పాత్ర ఎదగడమంటే సాధారణంగా ముందుకు నడవడం: అనుభవంతో మనిషి మారతాడు. మొబైల్ ఓటొమెలో నాయకుడు ఎక్కువగా వెనక్కి తవ్వుతున్న కొద్దీ ఎదుగుతాడు. అతను బాగా మారిపోతే అభిమానులు ఇష్టపడ్డ మనిషి మిగలడు, పైగా రేపు కొత్త కథలో అతను మళ్లీ మొదటి స్వభావంతో కనిపించాలి. కాబట్టి స్వభావాన్ని నిలిపి ఉంచి, దాని కారణాలను పొరలుపొరలుగా విప్పడం రచయితలు ఎంచుకున్న మార్గం. చదువరి జ్ఞానం మారుతుంది, దానితో పాత్ర కూడా మారినట్టు అనిపిస్తుంది.

దీనికి భిన్నమైన దారిని ఎన్‌టీటీ సోల్మేర్ 2019 చివర్లో తెచ్చిన ‘ఒబే మి!’ పట్టింది. నరకలోకంలోని విద్యాలయానికి మార్పిడి విద్యార్థిగా వెళ్లిన మనిషి, అక్కడ ఏడుగురు రాక్షస సోదరులతో ఒకే ఇంట్లో ఉండాలి. లూసిఫర్ నుంచి బెల్ఫెగోర్ దాకా ఒక్కొక్కరూ క్రైస్తవ సంప్రదాయంలోని ఏడు మహాపాపాల్లో ఒకదానికి ప్రతినిధి. ఇందులో ప్రధాన కథకు విడివిడి రూట్లు లేవు, అందరూ ఒకే కథలో ఉంటారు. గర్వం, లోభం, అసూయ, ఆగ్రహం అనే పేర్లు మొదట హాస్యంగా పనిచేస్తాయి. అసూయకు ప్రతినిధి అయిన లెవయతన్ గదిలోంచి బయటికి రాని అనిమే అభిమాని, లోభి మామన్ ఎప్పుడూ అప్పుల్లో ఉంటాడు. కథ సాగేకొద్దీ వారందరి మధ్యా చనిపోయిన చెల్లెలు లిలిత్ జ్ఞాపకం ఉందని తెలుస్తుంది. పదహారో పాఠంలో, అంటే అధ్యాయంలో, అటకపై బంధించి ఉన్న బెల్ఫెగోర్‌ను నమ్మి విడిపించిన ఆ మనిషినే అతను చంపేస్తాడు. హాస్యంగా నడుస్తున్న కథ ఒక్కసారిగా కొయ్యబారిపోతుంది. ఆ దెబ్బ తర్వాత ఆ ఇంట్లోవాళ్లు మళ్లీ ఒక కుటుంబంగా ఎలా నిలబడ్డారన్నది ఈ గేములో ఏ ప్రేమ సన్నివేశం కన్నా బలమైన రచన. ఏడుగురి మధ్య అన్నదమ్ముల సంబంధం ఎంత గట్టిగా అల్లితే, నాయకుల్లో ఒక్కొక్కరూ అంత నిజమైన మనుషులవుతారని ఇది చూపింది.

నాయిక

ఓటొమె నాయిక చుట్టూ ఎప్పుడూ ఒక సంఘర్షణ ఉంది. ఆడేవారు తమను ఆమెలో చూసుకోవాలంటే ఆమె కొంత ఖాళీగా ఉండాలి. కథ నిలబడాలంటే ఆమెకు స్వభావం ఉండాలి. చాలా గేముల్లో ఆమెకు గొంతు ఉండదు, పేరును ఆడేవారే పెట్టుకోవచ్చు, బొమ్మలో కళ్లు జుట్టు చాటున ఉంటాయి. ఆమె తనకంటూ ఏమీ కోరుకోకపోతే నాయకుల మాటలన్నీ గోడకు చెప్పినట్టుంటాయి.

మంచి పరిష్కారం వృత్తిలో దొరికింది. చైనా సంస్థ పేపర్‌గేమ్స్ 2017 డిసెంబరులో విడుదల చేసిన ‘లవ్ అండ్ ప్రొడ్యూసర్’లో (ఇతర దేశాల్లో ‘మిస్టర్ లవ్: క్వీన్స్ చాయిస్’) నాయిక తండ్రి వదిలివెళ్లిన టీవీ నిర్మాణ సంస్థను నడిపే యువతి. మిహోయో సంస్థ 2020లో చైనాలో, 2021లో ఇతర దేశాల్లో విడుదల చేసిన ‘టియర్స్ ఆఫ్ థెమిస్’లో ఆమె న్యాయవాది. నేరస్థలంలో ఆధారాలు వెతుకుతుంది, సాక్షులను ప్రశ్నిస్తుంది, కోర్టులో వాదిస్తుంది. సీనియర్ న్యాయవాది ఆర్టెమ్, మానసిక వైద్యుడు విన్, వ్యాపార సామ్రాజ్యాన్ని మోస్తున్న విద్యార్థి మారియస్, డిటెక్టివ్‌గా తిరిగి వచ్చిన చిన్ననాటి స్నేహితుడు లూక్ ఆమెకు ఎదురయ్యేది పని ద్వారానే. లూక్ తన తీవ్ర అనారోగ్యాన్ని ఆమెకు చెప్పకుండా దాస్తాడు. అబద్ధాలను పట్టుకోవడం వృత్తిగా ఉన్న మనిషికి అత్యంత ఆప్తుడి రహస్యం అందకపోవడం ఆ కథకు పదును ఇస్తుంది. నాయకులు వెనక్కి తవ్వితే తెలుస్తారు, నాయిక మాత్రం పనిలో ముందుకు నడుస్తుంది. ఈ రెండు కదలికల మధ్య సమతూకం కుదిరిన గేములే ఎక్కువ కాలం గుర్తుంటాయి.

గడియారంతో నడిచిన కథ: ‘మిస్టిక్ మెసెంజర్’

దక్షిణ కొరియాకు చెందిన చెరిట్జ్ సంస్థ 2016 జులైలో విడుదల చేసిన ‘మిస్టిక్ మెసెంజర్’ మొబైల్ ఓటొమె చరిత్రలో ఒక మైలురాయి. అంతకు ముందు గేములు ఫోన్‌ను పుస్తకంలా వాడుకున్నాయి. ఇది ఫోన్‌ను ఫోన్‌లాగే వాడుకుంది. నాయిక ఒక అపరిచితుడి సందేశం వెంట వెళ్లి ఒక ఖాళీ అపార్ట్‌మెంట్‌కు చేరుతుంది, దాతృత్వ విందులు నిర్వహించే ‘ఆర్‌ఎఫ్‌ఏ’ అనే చిన్న బృందపు చాట్‌లోకి ప్రవేశిస్తుంది. పదకొండో రోజున విందు జరగాలి. ఆ పదకొండు రోజులూ నిజమైన రోజులే.

చాట్‌రూములు నిర్ణీత వేళల్లో తెరుచుకుంటాయి: ఉదయం, మధ్యాహ్నం, అర్ధరాత్రి దాటాక కూడా. వేళ దాటితే ఆ చాట్‌లో మాట్లాడే అవకాశం పోతుంది. మిగతావారు ఏం మాట్లాడుకున్నారో చదవడమే మిగులుతుంది. కావాలంటే ఆటలోని ‘అవర్‌గ్లాస్’లు ఖర్చుపెట్టి వెనక్కి కొనుక్కోవాలి. మధ్యలో ఫోన్ మోగుతుంది, పాత్ర గొంతు వినిపిస్తుంది. విందుకు అతిథులను పిలవడానికి ఈమెయిళ్లు రాయాలి. చాట్‌లో ఒక మాట పాత్రకు నచ్చితే ఆ పాత్ర రంగులో ఒక చిన్న హృదయం తెర మీద మెరుస్తుంది. మొదటి నాలుగు రోజుల్లో పోగైన హృదయాలే ఎవరి రూటులోకి వెళ్తామో నిర్ణయిస్తాయి. చాట్లను మరీ నిర్లక్ష్యం చేస్తే కథ విషాదాంతంలోకి జారిపోతుంది. ప్రేమలో హాజరీకి విలువ ఉందన్న భావాన్ని సంభాషణలో చెప్పకుండా, నియమంగా పెట్టిన కథ ఇది.

పాత్రల పరంగా దీని సాహసం మరింత లోతైనది. కాలేజీ విద్యార్థి యూసుంగ్ చనిపోయిందనుకుంటున్న అక్క వరసైన రికాను మరిచిపోలేక, నాయికలో ఆమెనే చూస్తాడు. అతని బాధ చూసి, తానూ రికా లాంటిదాన్నేనని ఒప్పుకోవడం దయగల జవాబులా తోస్తుంది. ఆ దారి విషాదానికే వెళ్తుంది. ‘నేను వేరే మనిషిని’ అని పదే పదే గుర్తుచేస్తేనే అతను దుఃఖంలోంచి బయటపడతాడు. వ్యాపారవేత్త హాన్ జూమిన్ రూటులో నాయికను తన పెంట్‌హౌస్‌లో ఉంచేసుకోవాలన్న అతని ఆరాటానికి తలవంచుతూ పోతే, ఆ ప్రేమ పంజరంగా మారుతుంది. అతని ఒంటరితనాన్ని అర్థం చేసుకుంటూనే హద్దు గీయాలి. మెప్పించే జవాబును తప్పు చేసి, నిలదొక్కుకునే జవాబును ఒప్పు చేయడం ద్వారా ఈ గేము నాయిక వ్యక్తిత్వాన్ని ఆడేవారి వేళ్ల చివరికే తెచ్చింది.

జూమిన్ సహాయకురాలు కాంగ్ జేహీ ఈ బృందంలోని ఏకైక మహిళా రూటు. యజమాని పిల్లిని కూడా తానే చూసుకోవాల్సి వచ్చే ఉద్యోగిగా, పనిలో కూరుకుపోయిన మనిషిగా ఆమె పరిచయమవుతుంది. ఆమె కథ స్నేహంగా సాగి, ఉద్యోగం వదిలి కాఫీ దుకాణం పెట్టుకోవడంలో ముగుస్తుంది. ఆమె రూటులో జూమిన్ కనికరం లేని యజమాని. అతని రూటులో ప్రేమించడం ఎవరూ నేర్పని మనిషి. రెండూ చదివినవారికి రెండూ నిజమేనని తెలుస్తుంది. 707 అనే హ్యాకర్ అన్ని రూట్లలోనూ హాస్యగాడు. అతని సొంత రూటులో మాత్రం, ప్రమాదం నుంచి కాపాడటానికి నాయిక ఉన్న అపార్ట్‌మెంట్‌కు వచ్చాక, నవ్వు మాయమవుతుంది. తనతో ఉంటే ప్రమాదమని, తనను ప్రేమించవద్దని కఠినంగా చెబుతాడు. అన్ని వారాల పాటు వచ్చిన జోకులు ఒక తెర అని, దాని వెనక భయం ఉందని అప్పుడు అర్థమవుతుంది. అతని రూటు చివర్లో చదవాలని అభిమానులు ఒకరికొకరు చెప్పుకునేది అందుకే.

ముగియని కథలు: చైనా పద్ధతి

చైనా గేములు ఓటొమెను ఏళ్ల తరబడి నడిచే సేవగా మార్చాయి. ‘లవ్ అండ్ ప్రొడ్యూసర్’ ఘనవిజయంతో నాయకుల పుట్టినరోజులు బహిరంగ వేడుకలయ్యాయి. 2018 జనవరిలో లీ జెయెన్ అనే పాత్ర పుట్టినరోజుకు ఒక అభిమాని షెన్‌జెన్‌లోని ఎత్తైన భవనం మీది ఎల్‌ఈడీ తెరపై శుభాకాంక్షలు వెలిగించడం చైనా పత్రికల్లో వార్త అయింది.

ఈ పద్ధతిలో కథ రెండు పాయలుగా ప్రవహిస్తుంది. ప్రధాన కథ నెలల విరామంతో నెమ్మదిగా సాగుతుంది. రెండో పాయ కార్డుల్లో ఉంటుంది. గాచా అనే లాటరీ పద్ధతిలో కార్డులు దొరుకుతాయి. ఒక్కో కార్డు ఒక చిన్న కథ: వర్షంలో నడక, జ్వరం వచ్చిన రాత్రి, మరో యుగంలో మరో జన్మ. ప్రధాన కథలో ఇంకా మాట దాటని జంట కార్డు కథలో దంపతుల్లా ఉండవచ్చు. దాంతో కాలక్రమం చెదిరిపోతుంది, చదువరే ముక్కలను పేర్చుకోవాలి. పాత్ర ఏకరూపత తప్పకుండా వందలాది ముక్కలు రాయడం ఈ రచనా బృందాలకు నిత్య పరీక్ష. ఒక్క కార్డులో మాట తీరు తేడా వచ్చినా అభిమానులు వెంటనే పసిగడతారు.

పేపర్‌గేమ్స్ 2024 జనవరి 18న ప్రపంచవ్యాప్తంగా విడుదల చేసిన ‘లవ్ అండ్ డీప్‌స్పేస్’ ఈ మార్గానికి శిఖరం. త్రీడీ దృశ్యాలు, నాయిక కళ్లతో చూసే కోణం, పోరాట ఘట్టాలు దీనికి ప్రత్యేకం. నాయిక లింకన్ నగరంలో వాండరర్లు అనే జీవులతో పోరాడే హంటర్. జేవియర్ తోటి హంటర్, జేన్ గుండె వైద్యుడు, రఫాయెల్ చిత్రకారుడు. 2024 జులైలో సైలస్ చేరాడు. నాయిక ముఖాన్ని, గొంతును ఆడేవారే తీర్చిదిద్దుకోవచ్చు.

కాలాన్ని కథగా మలచడానికి ఇందులో కేలబ్ చక్కని ఉదాహరణ. నాయికతో కలిసి ఒకే ఇంట్లో పెరిగిన అతను కథ ఆరంభంలోనే పేలుడులో చనిపోతాడు. 2025 జనవరిలో, గేము విడుదలైన ఏడాదికి, సైనికాధికారిగా తిరిగి వస్తాడు. ఒక చేయి యంత్రం. ప్రేమలో అధికారం ధ్వనిస్తుంది. ఏ నవలలోనైనా ‘ఏడాది గడిచింది’ అని ఒక వాక్యంలో తేల్చేసే ఎడబాటును ఇక్కడ ఆడేవారు నిజంగానే ఏడాది మోశారు. తిరిగి వచ్చినవాడు వెళ్లినవాడు కాదన్న అనుమానం అందువల్లే అంత బరువుగా తగిలింది. ముందు చెప్పుకున్న నియమానికి ఇది అరుదైన మినహాయింపు: నాయకుడు నిజంగా మారాడు, ఆ మార్పు తెరవెనక, ఆడేవారి నిజజీవితం గడుస్తున్నప్పుడు జరిగింది.

గొంతు, బొమ్మ

ఫోన్ చెవికి అతి దగ్గరగా ఉండే యంత్రం. అందుకే ఈ గేముల్లో గాత్రధారణకు రచనతో సమానమైన స్థానం ఉంది. జపాన్, చైనా, కొరియాల్లో పేరున్న గాత్ర నటులు ఈ పాత్రలకు గొంతునిస్తారు. వాక్యం మధ్యలో ఆగిన ఊపిరి, అడగబోయి మానేసిన ప్రశ్న కాగితం మీద కనబడవు, చెవికి తెలుస్తాయి. గీసిన బొమ్మకు రెప్పపాటు, శ్వాస కదలిక ఇచ్చే లైవ్‌టుడి వంటి సాంకేతికతలు వచ్చాక చూపు తిప్పుకోవడం కూడా ఒక సంభాషణ అయింది. వర్ణన తగ్గి, మాటల్లో చెప్పనిది పెరిగింది.

విమర్శలు

ఈ ప్రక్రియ మీద ప్రధాన అభ్యంతరం డబ్బుకు సంబంధించింది. కథలో కీలక భాగం అరుదైన కార్డులో ఉంటే, పాత్ర అంతరంగం తెలియడం అదృష్టం మీద, పర్సు మీద ఆధారపడుతుంది. గాచాల మీద ప్రభుత్వాల కన్ను పడింది. కొన్ని వస్తువులన్నీ పూర్తిగా సేకరిస్తేనే బహుమతి ఇచ్చే ‘కంప్లీట్ గాచా’ చట్టవిరుద్ధమని 2012లో జపాన్ వినియోగదారుల సంస్థ తేల్చింది. ఏ వస్తువు దక్కే అవకాశం ఎంతో వెల్లడించాలన్న నిబంధన చైనాలో 2017 మే నుంచి అమల్లోకి వచ్చింది. ‘లవ్ అండ్ డీప్‌స్పేస్’లో 70 ప్రయత్నాల్లోపు ఒక అత్యున్నత కార్డు తప్పక వస్తుందన్న హామీ ఉంటుంది. ఇవన్నీ మేలైన మార్పులే అయినా, ఒంటరితనాన్ని ఓదార్చే మాట వెంటే అమ్మకపు మీట ఉండటం ఇప్పటికీ ఈ ప్రక్రియ మోస్తున్న నైతిక భారం.

రెండో అభ్యంతరం ప్రేమ స్వరూపం గురించి. అసూయను అభిమానంగా, నిర్బంధాన్ని రక్షణగా చూపే కథలు ఈ గేముల్లో చాలా ఉన్నాయి. ఈ విమర్శ న్యాయమైనది. దీనికి సమాధానం కూడా ఈ ప్రక్రియలోనే ఉంది. జూమిన్ రూటు చూపినట్టు, అధికార ప్రేమకు తలవంచడం ఎటు దారితీస్తుందో నిర్భయంగా చూపే విషాదాంతాలు ఆడేవారికి హద్దులు గీయడం నేర్పగలవు. పరిణామం లేని ఎంపికలే ప్రమాదకరం.

మూడోది సాహితీపరమైనది. ఏ జవాబుకైనా కథ ఒకే దారిన సాగే గేములు పెరిగాయి. ఎంపిక ఉత్త అలంకారమైతే నాయిక మళ్లీ ప్రేక్షకురాలిగా మిగులుతుంది.

ప్రభావం, పరిరక్షణ

ఓటొమె కథన రీతులు ఇరుగుపొరుగు ప్రక్రియల్లోకి పాకాయి. ఐడల్ గాయకులను తీర్చిదిద్దే ‘ఎన్‌సెంబుల్ స్టార్స్’ (2015), డిస్నీ ప్రతినాయకుల స్ఫూర్తితో 2020లో వచ్చిన ‘ట్విస్టెడ్ వండర్‌లాండ్’ ప్రేమను పక్కన పెట్టి, గాయం విప్పే పద్ధతిని తీసుకున్నాయి. ఓటొమె గేములోని చెడ్డ ప్రత్యర్థిగా పునర్జన్మ ఎత్తిన అమ్మాయి కథలు జపాన్ నవలల్లో ఒక శాఖగా పెరిగాయి. వాటిలో యమగుచి సతొరు రాసిన ‘మై నెక్స్ట్ లైఫ్ యాజ్ ఎ విలనెస్’ 2020లో అనిమేగా వచ్చింది. ‘ఆంజెలీక్’లోని రొజాలియా నాటిన ప్రత్యర్థి పాత్ర ఇలా కథానాయిక అయింది.

ఈ ప్రక్రియకు ఉన్న అతిపెద్ద ముప్పు మరుగున పడిపోవడం. కన్సోల్ గేము అల్మరాలో ఉంటుంది, నవల గ్రంథాలయంలో ఉంటుంది. మొబైల్ ఓటొమె సర్వర్ ఆపేస్తే ఏళ్ల రచన, గొంతులు, బొమ్మలు ఒక్కసారిగా అందకుండా పోతాయి. ‘షల్ వి డేట్?’ వరుసలోని పాత గేములు చాలావరకు ఇప్పటికే సేవలు ముగించాయి. తొలి ఫోన్ ప్రేమకథలకు ఆధారమైన ఐ-మోడ్‌ను కూడా 2026 మార్చి 31తో ఆపనున్నట్టు డొకోమో ప్రకటించింది. వారపత్రికల సీరియళ్లను ఒకప్పుడు తేలిక సాహిత్యంగా తోసిపుచ్చిన చోటే, తర్వాత వాటిలో ఒక తరం స్త్రీల కోరికల చరిత్ర ఉందని గుర్తించారు. ఈ గేముల విషయంలో ఆ గుర్తింపు వచ్చే సరికి చదవడానికి ఏమీ మిగలకపోవచ్చు. నిజమైన రోజులతో, నిజమైన నిరీక్షణతో పాత్రలను మలిచిన ఈ రచనను భద్రపరిచే బాధ్యత తయారీ సంస్థలది, జాతీయ గ్రంథాలయాలది, దాన్ని అధ్యయనం చేసేవారిది. ఆ పని ఇప్పుడే మొదలుకావాలి.